గ్రీన్ కార్డ్: కోర్టు వదిలేసినా ఇమ్మిగ్రేషన్ వదలదు.. చిన్న చోరీ కేసు ఎంత దూరం వెంటాడుతుందంటే?

సూపర్ మార్కెట్‌లో బిల్లు కట్టకుండా బయటకు తెచ్చిన 40 డాలర్ల సామాన్లు.. పదేళ్ల తర్వాత గ్రీన్ కార్డ్ ఇంటర్వ్యూలో టేబుల్ మీదకు వస్తాయంటే నమ్ముతారా? అమెరికాలో అలాగే ఉంటుంది మరి. దొంగతనం, దాడి లాంటివి చేస్తే వీసా రద్దు కావచ్చని, మళ్లీ దొరక్కపోవచ్చని 2025 జులైలో భారత్‌లోని అమెరికా ఎంబసీ కూడా హెచ్చరించింది. షాప్‌లిఫ్టింగ్ కేసుల్లో తెలుగు విద్యార్థులు పట్టుబడిన వార్తలు అంతకుముందే వచ్చాయి.

అసలు చిక్కు ఎక్కడంటే.. లోకల్ కోర్టు లెక్క వేరు, ఇమ్మిగ్రేషన్ లెక్క వేరు. కోర్టులో ఇది చిల్లర కేసు. తప్పు ఒప్పుకుంటే ఫైన్ వేసి, కొన్ని గంటలు కమ్యూనిటీ సర్వీస్ చేయించి పంపేస్తారు. కొన్నాళ్లకు రికార్డు చెరిపేసే వీలు కూడా చాలా రాష్ట్రాల్లో ఉంది. హమ్మయ్య, బయటపడ్డాం అనుకుంటారు. కానీ ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం నేరం ఒప్పుకొని, జడ్జి ఏదో ఒక శిక్షో ఆంక్షో పెడితే చాలు.. దోషిగా తేలినట్టే. తర్వాత రికార్డు చెరిపేసినా ఆ ముద్ర మామూలుగా పోదు.

దొంగతనం, మోసం లాంటివి నైతికతకు విరుద్ధమైన నేరాల కింద చూస్తారు. ఇందులో ఒక వెసులుబాటు ఉంది. అలాంటి నేరం ఒక్కటే అయి ఉండాలి. దానికి చట్టంలో ఉన్న గరిష్ఠ శిక్ష ఏడాది మించకూడదు. కోర్టు వేసిన శిక్ష 6 నెలలు దాటకూడదు. రెండో కేసు పడిందా.. ఈ దారి మూసుకుపోయినట్టే!

గంజాయి సంగతి ఇంకా ఘోరం. చాలా రాష్ట్రాల్లో షాపుల్లోనే అమ్ముతున్నా ఫెడరల్ చట్టంలో అది నేరమే, ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్ చూసేదీ ఆ చట్టాన్నే. 30 గ్రాముల లోపు సొంతానికి పెట్టుకున్న ఒక్క కేసుకు మాత్రం, అదీ షరతులతో, మినహాయింపు అడగొచ్చు. మామూలు డ్రంక్ అండ్ డ్రైవ్ ఒక్కటే ఉంటే దానంతట అదే అనర్హత కాదు. అయితే గ్రీన్ కార్డ్ ఇవ్వడం చాలావరకు ఆఫీసర్ విచక్షణ, అక్కడ అది బరువే.

మరి చెప్పకుండా దాచేస్తే? అది అన్నిటికంటే పెద్ద తప్పు. ఐ-485 ఫామ్‌లో ఎప్పుడైనా అరెస్టయ్యారా అని అడుగుతారు. కొట్టేసిన కేసులు, చెరిపేసిన రికార్డులు కూడా రాయాల్సిందే. వేలిముద్రలు ఎలాగూ ఎఫ్‌బీఐకి వెళ్తాయి. చిన్న చోరీకి మినహాయింపు దొరికేవాళ్లు కూడా అబద్ధం వల్ల అనర్హులైపోవచ్చు.

నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ప్రమాదం ఉందో లేదో క్లయింట్‌కు చెప్పడం డిఫెన్స్ లాయర్ బాధ్యత అని అమెరికా సుప్రీంకోర్టు 2010లోనే తేల్చింది. కాకపోతే జైలు శిక్ష పడని చిన్న కేసుల్లో ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలన్న రూల్ రాజ్యాంగం ప్రకారం లేదు. అందుకే ఫైన్‌తో పోతుంది కదా అని కోర్టులో సంతకం పెట్టేముందే, సొంత ఖర్చుతోనైనా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగాలి. పెట్టేశాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.