పువ్వు మనది, పెత్తనం ఎవరిది?

వాగు గట్ల మీద తెల్లగా పూసే రెల్లును చూసి ‘పిచ్చిగడ్డి’ అంటారు మన పెద్దమనుషులు. వాళ్ళు పొద్దున్నే తాగే చాయిలోని చక్కెరకు ఆ పిచ్చిగడ్డితోనే చుట్టరికం. రెల్లు రక్తం కలిసినాకనే మన దేశపు చెరకు తెగుళ్ళకు తట్టుకుని నిలబడింది. ఆ రెల్లు క్రోమోజోములను లెక్కగట్టిన మనిషి ఎవరో మన పాఠ్యపుస్తకాలకు సోయి లేదు.

ఆమె ఎడవలేత్ కక్కట్ జానకి అమ్మాళ్. 1897లో కేరళలోని తలశ్శేరిలో తీయ్యల ఇంట్లో పుట్టింది. పెళ్ళి వద్దని చదువే ముద్దనుకుంది. మిషిగన్ పోయి 1931లో డాక్టరేట్ తెచ్చుకుంది. కోయంబత్తూరు చెరకు పరిశోధన కేంద్రంలో చెరకును మొక్కజొన్నతో కూడా సంకరం చేసి చూసింది. కానీ ఒంటరి ఆడమనిషి, అందులో కింది కులం. విజ్ఞానశాస్త్రానికి కులం లేదని చెప్పేవాళ్ళు ఆ ప్రయోగశాలలో ఆమెకు ఎదురైన చిన్నచూపు గురించి ఒకసారి చదువుకోవాలె. ఆమె ఇంగ్లండ్ వెళ్ళిపోయింది. అక్కడ డార్లింగ్టన్‌తో కలిసి 1945లో సాగుమొక్కల క్రోమోజోముల అట్లాస్ రాసింది. విస్లీ తోటలో ఆమె పని చేసిన ఒక మాగ్నోలియా ఈరోజుకూ ఆమె పేరుతోనే పూస్తున్నది. పరాయి దేశం పువ్వుకు పేరు పెట్టుకుంది, సొంత దేశం మరిచిపోయింది.

1951లో నెహ్రూ పిలిస్తే వచ్చింది. బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాను కొత్తగా నిలబెట్టే పని అప్పజెప్పారు. అప్పుడు ఆమె లేవనెత్తిన మాట మన చెవికి బాగా తెలిసిన మాటే. ఇక్కడి మొక్కలను బయటివాళ్ళు, బయటి సంస్థల పైసలతో ఏరుకుపోయారు. అవన్నీ యూరప్ తోటల్లో, హెర్బేరియంలలో పడి ఉన్నాయి. మన పువ్వు మీద పరిశోధన మన దగ్గర కంటే అక్కడే సులువైంది. వనరు ఒకచోట, లెక్కపుస్తకం ఇంకోచోట! ఈ సంగతి మనకు ఒకరు విడమర్చి చెప్పాల్నా?

అట్లని ఆమె పరాయివాళ్ళను తిట్టి ఊరుకోలేదు. మన సర్కారు చేసేదీ చూసింది. ‘తిండిగింజలు పెంచండి’ అని అడవులను కొట్టేస్తున్న కాలమది. షిల్లాంగ్ నుంచి 37 మైళ్ళు పోయింది, ఒక్క చెట్టు కోసం. ఆ ప్రాంతంలో మిగిలిన ఒకే ఒక్క మాగ్నోలియా గ్రిఫితియై అది. పోయేసరికి కాల్చేసి ఉంది.

ఎనభై ఏళ్ళ వయసులో మనవాళ్ళు కృష్ణా రామా అనుకుంటారు. ఆమె సైలెంట్ వ్యాలీ కోసం నిలబడింది. కుంతిపుళ మీద జలవిద్యుత్ ప్రాజెక్టు కడితే ఆ అడవి మునుగుతుంది. మునిగేలోపు అక్కడి మొక్కల క్రోమోజోములన్నీ నమోదు చేయాలని బయలుదేరింది. అభివృద్ధికి అడ్డం పడుతున్నారని ఉద్యమకారులను ఆడిపోసుకున్న ఘనులు అప్పుడూ ఉన్నారు. చివరికి 1983లో ప్రాజెక్టు ఆగింది. 1984 నవంబరులో జాతీయ పార్కుగా ప్రకటించారు. అది చూడడానికి ఆమె లేదు, అదే ఏడాది ఫిబ్రవరిలో కన్నుమూసింది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నాం. 2014లో తంగేడును రాష్ట్ర పుష్పం అన్నాం, చప్పట్లు కొట్టాం. 2015లో హరితహారం మొదలైంది. రోడ్ల వెంట, డివైడర్ల మీద వరుసపెట్టి నాటింది దేన్ని? కోనోకార్పస్‌ను. ఏ సీతాకోకచిలుక అడిగింది దాన్ని, ఏ బతుకమ్మకు పనికొస్తుంది అది? తొందరగా పచ్చగా కనిపిస్తుందని ఆఫీసర్లకు నచ్చింది, అంతే. తర్వాత ‘వద్దు, ఆపండి’ అన్నారు. నాటినప్పుడు అడగవలసిన ప్రశ్న నాటినాక అడిగితే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలె?

బతుకమ్మ పండుగకు గునుగు కోసం ఊరి పొలిమేర దాటి, వెంచర్ల ప్రహరీలు దాటి పోవలసి వస్తున్నది. ఖాళీ జాగ కనిపిస్తే కలుపుమందు కొట్టి ‘క్లీన్’ చేస్తున్నాం. వచ్చే వానాకాలానికి సర్కారు నర్సరీల్లో పెంచుతున్న మొక్కల పట్టిక బయట పెట్టండి. కోట్ల లెక్క మాకు వద్దు. తంగేడు ఎన్ని, మోదుగ ఎన్ని, గునుగుకు వదిలిన జాగ ఎంత, అది చెప్పండి.