మిగిలిన నీళ్లకూ లెక్కుంది

గల్ఫ్‌కు వెళ్లిన బిడ్డల కోసం మన సంఘాల్లో ప్రతి ఆదివారం ప్రార్థిస్తాం. అక్కడ వాళ్లు తాగే నీళ్లు చాలావరకు ఉప్పు తీసిన సముద్రపు నీళ్లే. మారాలో చేదునీటిని మధురం చేసిన దేవుడే మనిషికి ఈ తెలివీ ఇచ్చాడు. అందుకు ఆయనకు స్తోత్రం. మరి తీసేసిన ఉప్పు ఏమవుతోంది?

తిరిగి సముద్రంలోకే పోతోంది. 2019లో ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పిన లెక్క ప్రకారం, లీటరు మంచినీటికి సగటున లీటరున్నర చిక్కటి ఉప్పునీరు మిగులుతుంది. ప్రపంచమంతటా ఇలా మిగిలే నీటిలో 55 శాతం సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, ఖతార్‌లదే. ఇది బరువైన నీరు. సరిగా కలవకపోతే సముద్రం అడుగున పరచుకుంటుంది. అక్కడ ప్రాణవాయువు తగ్గుతుంది. శుద్ధిలో వాడిన రసాయనాలూ దాంతోపాటే దిగుతాయి. చేప ఈది తప్పించుకోవచ్చు. పగడాలు, ఆల్చిప్పలు, సముద్రపు గడ్డి ఎక్కడికి పోతాయి? గల్ఫ్ సముద్రం అసలే లోతు తక్కువ, ఉప్పు ఎక్కువ.

మనుషులు దాహంతో ఉంటే చేపల గొడవెందుకు అని కొందరు అడుగుతారు. ఆదికాండం మొదటి అధ్యాయం మరోసారి చదువుదాం. దేవుని తొలి ఆశీర్వాదం పొందినవి జలచరాలు, పక్షులు. మనిషి వంతు ఆ తర్వాతే వచ్చింది. ఆయన దీవించినవాటిని నాశనం చేసే హక్కు మనకెవరిచ్చారు?

యెహెజ్కేలు 34వ అధ్యాయంలో దేవుడు బలిసిన గొర్రెలను గద్దిస్తాడు. తేటనీళ్లు తాగినందుకు కాదు, మిగిలిన నీళ్లను కాళ్లతో కలకలు చేసినందుకు. వెనక వచ్చిన బక్క గొర్రెలకు ఆ మురికినీళ్లే దిక్కయ్యాయి. తీరంలోని జాలరి కూడా అలా వెనక వచ్చినవాడే. ప్రభువు తొలి శిష్యులు జాలరులేనని మరువకూడదు.

దారి లేకపోలేదు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరం 2006లో ప్రారంభించిన కర్మాగారం ఉప్పునీటిని ఒకేచోట గుమ్మరించదు. గొట్టానికున్న అనేక రంధ్రాల గుండా వేగంగా చిమ్ముతుంది. నీరు త్వరగా కలిసిపోతుంది. అడుగున ప్రాణవాయువు ఎంతుందో గమనిస్తూ ఉంటారు. దీనికి ఖర్చవుతుంది. ఆ ఖర్చు మనం పెట్టకపోతే సముద్రం తన ప్రాణాలతో చెల్లిస్తుంది.

పొరుగున చెన్నై 2010 నుంచి ఇలాంటి నీళ్లు తాగుతోంది. రేపు మన తీరానికీ ఈ అవసరం రావచ్చు. అప్పుడు నీళ్లెన్ని వస్తాయని మాత్రమే కాదు, మిగిలినవి ఎక్కడ, ఎలా వదులుతారనీ విశ్వాసులుగా మనం అడగాలి. ఈలోగా ఇంట్లో నీటిని వృథా చేయకుండా ఉందాం.

తాగిన నీళ్లకు దేవుడు లెక్క అడగడు. పాడుచేసిన నీళ్లకు తప్పక అడుగుతాడు.