మిల్లీమీటరు విలువ తెలిసేది బొమ్మ దగ్గరే

2021 నవంబరు 19న మన చిత్రావతి ఎట్లా పొంగిందో ఈ పక్క వాళ్ళకు చెప్పక్కర్లేదు. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర కారుతో సహా నీళ్ళలో చిక్కుకున్నవాళ్ళు, వాళ్ళను కాపాడబోయి జేసీబీ మీద ఇరుక్కుపోయినవాళ్ళు, మొత్తం 10 మందిని వాయుసేన ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి ఒడ్డుకు చేర్చింది. ఆ వీడియో మా తలుపులలో చూడని ఫోను లేదు.

ఆ హెలికాప్టర్‌నే నేను 1/72 స్కేల్లో కడుతున్నాను. హాస్టల్లో అందరూ అడిగేది ఒకటే: "ఏందిరా, ఫైనలియర్‌కొచ్చి బొమ్మలతో ఆడుకుంటాండావా?" ఈ వ్యాసం వాళ్ళకే. నా వాదన ఏమిటంటే, కొలత తప్పని స్కేల్ మోడల్ ఆట కాదు, మనం చదివే ఇంజనీరింగే.

చిన్న లెక్క చూడండి. ఎంఐ-17 పెద్ద రోటరు వ్యాసం సుమారు 21.3 మీటర్లు. 72తో భాగిస్తే 29.6 సెంటీమీటర్లు, అంటే మన స్కేలు బద్దంత. ఇక్కడ నా చెయ్యి ఒక్క మిల్లీమీటరు జారితే అసలు యంత్రంలో 7.2 సెంటీమీటర్లు జారినట్టు. టాలరెన్స్ అనే మాట నాలుగేళ్ళుగా పరీక్షల్లో రాస్తున్నాం. అది వేళ్ళకు తెలిసేది ఇక్కడే.

ఇంకొకటి. ఎంఐ-8కీ ఎంఐ-17కీ దూరం నుంచి తేడా తెలియదు. కానీ ఎంఐ-8 తోక రోటరు కుడివైపు ఉంటుంది, ఎంఐ-17కు ఎడమవైపు. ఎందుకు మార్చారు? ఇంజన్ల బలం పెరిగింది, దాన్ని తట్టుకునేలా తోక రోటరు పట్టు కూడా పెరగాలి. ఇంజన్ల ముందు పుట్టగొడుగుల్లా కనిపించేవి దుమ్ము ఆపే ఫిల్టర్లు. మనలాంటి దుమ్ము సీమలో దిగి లేవాలంటే అవి ఎంత అవసరమో వేరే చెప్పాలా? వీ5 రకానికి వెనక రెండు తలుపుల బదులు కిందికి దిగే ర్యాంపు ఉంటుంది. సరిగ్గా కట్టాలంటే ప్రతిదానికీ 'ఎందుకు' అని అడగాల్సిందే. బజారు బొమ్మకు ఆ బాధ లేదు, రెక్కలు తిరిగితే చాలు.

"త్రీడీ ప్రింటర్ ఉంది కదా?" అంటారు. ఉంది. కానీ మనం తప్పు కొలత ఇస్తే ఆ తప్పునే నున్నగా అచ్చు వేసి ఇస్తుంది. "కిట్లు ఖరీదు" అనే మాట మాత్రం నిజం. విదేశీ కిట్టు కొంటే నెల మెస్ బిల్లు గుర్తొస్తుంది. అందుకే నేను సన్‌బోర్డు, పీవీసీ షీటు, అగరుబత్తి పుల్లలతో కడుతున్నాను. కొలతకు డబ్బు అక్కర్లేదు, ఓపిక కావాలి. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్ళను చూడండి. చేతి కీలు సరైన చోట పడకపోతే బొమ్మ తెర మీద ఆడదు. వాళ్ళది బొమ్మలాట అని మనం చిన్నచూపు చూస్తామా?

నాకు అసలు బాధ మన టెక్‌ఫెస్ట్ గురించి. మెరుపు కాగితం, ఎల్‌ఈడీ లైట్లు ఉన్న థర్మాకోల్ మోడల్‌కు బహుమతి వస్తుంది. "ఇది ఏ స్కేలు?" అని అడిగితే పక్కచూపులు. రేపు ఇదే అలవాటుతో ఉద్యోగాల్లోకి పోతాం. మనకు కూతవేటు దూరంలో, తుమకూరు జిల్లా గుబ్బి దగ్గర హెచ్‌ఏఎల్ హెలికాప్టర్ల ఫ్యాక్టరీ 2023 ఫిబ్రవరిలో మొదలైంది. అక్కడ "సుమారుగా సరిపోయింది సార్" అంటే ఎవరూ ఒప్పుకోరు. ఆ యంత్రం ఏదో ఒకరోజు ఇంకో చిత్రావతి మీద నిలబడాలి.

కాబట్టి ఒక ప్రతిపాదన. వచ్చే టెక్‌ఫెస్ట్ నుంచి ప్రతి మోడల్ పక్కన స్కేలు, డ్రాయింగు, మూడు అసలు కొలతలు పెట్టాలి. జడ్జీలు రంగులు చూసే ముందు వెర్నియర్ కాలిపర్ తీయాలి. ఒప్పుకోని మిత్రులుంటే వచ్చే సంచికలో జవాబు రాయండి. కొలతలతో సహా.