తల వంచుడమ్మా!

ఫొటో తీయించుకొనబోయిన స్త్రీ చెవిని తప్పక పడు మాట యొకటి కలదు: “కొంచెం తల వంచండమ్మా.” మన అత్తిబెలెలో ఈ మాట కన్నడమున వినవచ్చును, సరిహద్దు దాటి హోసూరు చేరినచో తమిళమున, చిత్తూరు చుట్టముల యింటికి పోయినచో తెలుగున. భాషలు మూడు, ఆజ్ఞ యొక్కటే. దాని వెంట మఱికొన్ని వచ్చును. గడ్డము దించవలెను, ఒక భుజము వెనుకకు జార్చవలెను, ఒక మోకాలు కొంచెము మడవవలెను, పండ్లు కనబడకుండ నవ్వవలెను, చూపును కెమెరా మీద గాక ప్రక్కనున్న ప్లాస్టిక్ పూలకుండీ మీద నిలుపవలెను. అదే తెర ముందునకు ఆమె యన్నయో భర్తయో వచ్చి నిలిచినప్పుడు ఫొటోగ్రాఫరుగారి శాస్త్రమంతయు మూడు మాటలలో ముగియును: “నిటారుగా నిలబడండి సార్.” ఈ రెండు ఉపదేశముల నడుమనున్న దూరమును గూర్చియే మేము వాదింపదలచితిమి.

ఛాయాచిత్రకళయందు మాకు ద్వేషము లేదు. సింగారము వలదనువారమును కాము. పట్టుచీర కట్టి, పూలు ముడిచి, నలుగురిలో అందముగా కనబడవలెనని కోరుట దోషమెట్లగును? వెలుతురు ఏవైపు నుండి పడవలెనో, కెమెరాకు ఎంత దూరమున నిలువవలెనో చెప్పువాడు మనకు ఉపకారియే. కాని స్త్రీని ఉన్నదానికంటె చిన్నదానిగా, బెదరినదానిగా, ఎవరి చూపునకో లోబడినదానిగా చూపుటకే యేర్పడిన సూత్రములు కొన్ని కలవు. వానిని సౌందర్యసూత్రములని పిలుచుట మాకు సమ్మతము కాదు.

తల వంచుట వినయము గదా యని మన పెద్దలు కొందఱందురు. నిజమే. గురువు నెదుట, దైవము నెదుట, వయసు చెల్లిన అత్తమామల నెదుట తల వంచుదుము, పురుషులును వంచుదురు. కాని మూడు కాళ్ళ కొయ్య మీద నిలిచిన గాజుకటకము ఎవరికి గురువు? దానికేల వినయము? పోనీ అది వినయమే యనుకొన్నచో, ఆ వినయము అన్నగారికి మాత్రము ఎందులకు అక్కఱలేకపోయెను?

మఱికొందఱు కళాభిమానులు శిల్పములను సాక్ష్యమునకు పిలుతురు. 1117లో ప్రతిష్ఠ జరిగిన బేలూరు చెన్నకేశవాలయపు మదనికలు నడుము వంచి నిలువలేదా, లేపాక్షి మండపపు స్తంభములలో త్రిభంగి లేదా యని యడుగుదురు. ఉన్నది. అయితే ఆ మదనికలు నర్తకులు, అప్సరసలు. నిత్యము ఇంటిలో తిరుగాడిన ఫలానా యిల్లాలి రూపములు కావు. నిజముగా బ్రదికిన స్త్రీల ప్రతిరూపములను మనవారెట్లు నిలిపిరో చూడగోరువారు తిరుమలకు పోవలెను. మహాద్వారము దాటగానే శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహము, ఆయనకు ఇరుప్రక్కల తిరుమలదేవి, చిన్నాదేవుల విగ్రహములు కలవు. ముగ్గురును నిటారుగా నిలిచి చేతులు జోడించియున్నారు. రాయలదొక భంగిమ, రాణులదొక భంగిమ కాదు. వారి పేర్లు ఆ విగ్రహముల మీదనే చెక్కబడియున్నవి. ఏటేట మొక్కు చెల్లించుటకు పోవు మనవారిలో ఎందఱు అచట ఒక్క నిమిషము నిలిచి ఈ సంగతి గమనించిరో మేమెఱుగము. క్యూలో వెనుకవారు త్రోయుచుందురు గదా!

మన మైసూరు దేశమునందే మఱియొక నిదర్శనము కలదు. 1805 ప్రాంతమున తామస్ హికీ యను చిత్రకారుడు మైసూరు రాజకుటుంబపు స్త్రీలు ముగ్గురిని తైలవర్ణములలో చిత్రించెను. అందొక యువతి చీరచెంగును తొలగించి పైచేతిని చూపుచున్నది. అప్పుడే దేశమునకు వచ్చిన మశూచి టీకా వేయించుకొన్న చోటును ప్రజలకు చూపుటకే ఆ నిలుపు అని నైజెల్ చాన్సలర్ అను చరిత్రకారుని మతము. ఆ మతమే నిజమైనచో, అచట భంగిమకొక పని కలదు. ఆమె చెప్పదలచిన మాటను ఆమె చేయి చెప్పుచున్నది. పూలకుండీని చూచుచున్న మన పెండ్లికూతురు ఏమి చెప్పుచున్నట్లు?

ఇక ఈ అలవాట్లు ఎచటినుండి వచ్చినవో విచారింతము. 1839లో ఛాయాచిత్రవిద్య లోకమునకు వెల్లడియైన కాలమున ఒక్క చిత్రమునకు నిమిషముల వ్యవధి పట్టెడిది. కదలిన ముఖము చెఱిగిపోవును గావున తల వెనుక ఇనుప కొక్కెమునొకటి ఆనించి నిలుపువారు. మన ముత్తవ్వలు పాత పటములలో కొయ్యబొమ్మలవలె కనబడుటకు అది యొక కారణము. కూర్చుండిన ముత్తాతగారి కుర్చీ మీద ముత్తవ్వ చేయి వేసి నిలుచుటలోను కొంత యిదే యున్నది: నిలిచినవారు కదలకుండుటకు ఆనుకొన నేదో యొకటి కావలెను. అయితే ఆనుకొని నిలువవలసినది ముత్తవ్వయే యేల, ముత్తాతగారు ఏల కారాదనినచో, అందులకు రసాయనశాస్త్రము బాధ్యురాలు కాదు.

ముఖమునకు పౌడరు దట్టించు ఆచారమునకును ఇట్టి చరిత్రయే కలదు. పాతకాలపు ప్లేట్లు నీలిరంగును బాగుగ గ్రహించెడివి. పసుపును మందముగను, ఎఱుపును దాదాపు గ్రహింపకయు నుండెడివి. అందుచే పసుపు పూసుకొని వచ్చిన ఇల్లాలి ముఖము చిత్రమున నల్లబడెడిది. కుంకుమబొట్టు మసిచుక్క యయ్యెడిది. లోపము ప్లేటుది, అపవాదు ముఖమునకు వచ్చినది. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో అన్ని రంగులను గ్రహించు ఫిలిములు వచ్చి ఆ లోపము తొలగినది గాని పౌడరు డబ్బా స్టూడియో అద్దము ముందునుండి కదలలేదు. రంగుల ఫిలిము వచ్చిన పిదపనైనను న్యాయము కలిగినదా? 1950ల నుండి కోడక్ సంస్థ రంగులు సరిచూచుకొనుటకై ప్రయోగశాలలకు పంపిన కార్డులమీద తెల్లని మేనిఛాయగల యువతి చిత్రముండెడిది. వానికి షర్లీ కార్డులని పేరు. ఆమె ముఖము సరిగా వచ్చినచో యంత్రము సరిగా ఉన్నట్లు లెక్క. ఆ చరిత్రను పరిశోధించిన లోర్నా రాత్ వ్రాసినదేమనగా, తమ సరుకుల గోధుమవర్ణ భేదములు తెలియుట లేదని చాక్లెట్లవారును కొయ్యసామానులవారును మొఱపెట్టిన తరువాతనే ఆ సంస్థ ముదురువర్ణముల మీద శ్రద్ధ వహించినదట. కోట్లకొలది స్త్రీపురుషుల మేనిఛాయ చేయలేని పనిని బల్లలు, కుర్చీలు చేసినవి! నేడు ఫోనులోని యంత్రము అడుగకయే ముఖమును తెలుపు చేసి యిచ్చుచున్నది. చామనచాయ పిల్ల తన ఫొటో తాను చూచుకొని, ఇది మా చెల్లెలా యని యడుగవలసి వచ్చుచున్నది.

కాలము మాఱి, క్షణములో వేయవ వంతున చిత్రము తీయు యంత్రములు వచ్చినవి. ఇనుప కొక్కెము పోయినది. అవసరమైనది పోయి, ఎవరికిని అవసరము లేని వంపు మాత్రము మిగిలినది. క్యాలెండరు బొమ్మలును, చలనచిత్రతారల చిత్రములును, వస్తువుల ప్రకటనలును దానిని పెంచి పోషించినవి. ఎర్వింగ్ గాఫ్మన్ అను సమాజశాస్త్రజ్ఞుడు వందలకొలది ప్రకటనచిత్రములను ముందిడుకొని పరిశీలించి 1979లో ఒక గ్రంథమును వెలువరించెను. స్త్రీ తల ఒక ప్రక్కకు వాలియుండును. ఒక మోకాలు వంగియుండును. పురుషుడు వస్తువును గట్టిగా పట్టుకొనగా ఆమె వ్రేళ్ళు దానిని తాకియు తాకకయుండును. ఇవన్నియు లోబడినవారి గుర్తులని ఆయన వాదము. ఆయన అమెరికా పత్రికలను చూచి వ్రాసెను. మన పెండ్లి ఆల్బములను చూచినచో అధ్యాయము పెరిగియుండెడిది.

ఈ వ్యవహారములో మాకు మిక్కిలి బాధ కలిగించునది పెండ్లిచూపుల ఫొటో. అత్తిబెలె, ఆనేకల్లు, సర్జాపుర ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములు సంబంధములకై కోలారు, చిత్తూరు, అనంతపురము, కృష్ణగిరి వైపు చూచుట తెలిసినదే. పిల్లకంటె ముందు ఆమె ఫొటో ప్రయాణము చేయును. పారిశ్రామికవాడలో యంత్రము నడపి నెలజీతము తెచ్చుచున్న పిల్లను, చెక్‌పోస్టు రద్దీలో స్కూటరు నడపి కళాశాలకు పోవు పిల్లను, ఇంటి లెక్కలన్నియు వ్రాయు పిల్లను తెచ్చి తెర ముందు నిలిపి, భుజములు కుదించి, కన్నులు దించి, పాలరంగు పూసి, ఈమె మా అమ్మాయి అని పంపుచున్నాము. చూడవచ్చినవారు ఫొటోలోని పిల్లను వెదకుదురు. ఆమె ఆ యింట లేదు. “ఫొటోలో ఇంకొంచెం తెల్లగా ఉందే” యని ఆ పిల్ల వినునట్లుగనే యందురు. అవమానము పొందునది ఫొటోగ్రాఫరు కాదు, ఫొటో పంపిన తండ్రి కాదు. లేని పిల్లకు కుదిరిన సంబంధములోనికి ఉన్న పిల్ల పోయి జీవితమంతయు ఆ లేని దానితో పోటీపడవలెనా? తల్లిదండ్రులారా, దీనిని ఆచారమనకుడు. సంతలో పశువు కొమ్ములకు రంగు వేయువానికిని మనకును ఈ విషయమున భేదమెంత?

పరాయి పురుషుని యెదుట స్త్రీ తన సహజరూపమున నిలువజాలదని గ్రహించిన ఫొటోగ్రాఫరు ఒకడు మన తెలుగుదేశముననే యుండెను. నిజాము కొలువున ప్రసిద్ధుడైన రాజా లాలా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగ జనానా స్టూడియో నెలకొల్పి, దానిని శ్రీమతి కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత చేతిలో పెట్టెను. ఎత్తైన గోడల లోపల ఫొటో తీయువారును స్త్రీలే. ఘోషా నిలుపవలెనని మేము చెప్పుట లేదు. కెమెరా వెనుక ఎవరున్నారను ప్రశ్న, కెమెరా ముందున్నవారి మెడను, భుజములను, చూపును మార్చునని నాడే తెలిసినదని మాత్రము మా మాట. నేడు మన యిండ్లలో ప్రతి పడుచుచేతను ఫోను కలదు. వదిన ఆడుబిడ్డకు, మనుమరాలు అవ్వకు తీసిన చిత్రములను స్టూడియో చిత్రముల ప్రక్కన పెట్టి చూడుడు. ఎవరు ఊపిరి పీల్చుచున్నారో తెలియును.

తీయువారికి మేము చెప్పదగిన మాటలు ఎక్కువ లేవు. ఫోను కటకము విశాలమైన దృశ్యమునకై చేసినది. ముఖమునకు జానెడు దూరమున పట్టినచో ముక్కు పెరుగును, చెవులు తగ్గును. ఆఱడుగులు వెనుకకు పోయి తీసినచో ముఖము ఉన్నట్లు వచ్చును. కెమెరాను పైనుండి పట్టినచో మనిషి పొట్టియై, కన్నులు పైకెత్తి ఎవరినో వేడుకొనుచున్నట్లుండును. కన్నుల యెత్తున పట్టవలెను. మధ్యాహ్నపు ఎండకంటె వీథి వసారా నీడ మేలు. చేతులు ఏమి చేయవలెనో తోచనివారికి చేతులతో చేయు పనినే యిచ్చుట మంచిది: పూలు కట్టునామెకు పూలు, లెక్కలు వ్రాయునామెకు పుస్తకము. నవ్వుమని యడుగక నవ్వించుడు. అటుపై ఆమె తల వంచినను, ఎత్తినను, అది ఆమె యిష్టము.

అవ్వల సంగతి చెప్పకున్న ఈ వ్యాసము తీరదు. మన గోడలమీద దండ వేసిన పటములను గమనింపుడు. తాతగారి పటము ఆయన కూర్చుండి తీయించుకొన్నది. అవ్వ పటము పెండ్లి గుంపులోనుండి కత్తిరించి పెద్దది చేయించినది. చెవి ప్రక్క ఎవరిదో భుజము ఇంకను కనబడుచుండును. బ్రదికియున్నప్పుడు ఆమెనొక్కతెను నిలిపి ఒక్క చిత్రము తీయవలెనని ఎవరికిని తోచలేదు. ఫొటోలను త్రిప్పి చూచినచో వెనుక “రెడ్డిగారి భార్య,” “పెద్దకోడలు” అనియుండును. తఱచుగా ఏమియు నుండదు. 1868 నుండి 1875 వఱకు ఎనిమిది సంపుటములుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’లో దొరలు మన జనులను కులనామములతో అచ్చువేసిరి. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములు వెలువరించి, అందు మన జనుల చిత్రములను జాతుల మచ్చులుగా నిలిపెను. మనుష్యులను మచ్చుతునకలుగా చూచిరని వారిని నిందింతుము. నిందింపవలసినదే. కాని కన్నతల్లి చిత్రము వెనుక ఆమె పేరు వ్రాయని మనము, మనుమలకు ఎట్టి సంపుటమును మిగుల్చుచున్నాము? ఇంటిలో తెలుగు మాటాడి బడిలో కన్నడము చదువు మన పిల్లలు రేపు ఆ చిత్రమును చేతబట్టి అడుగునప్పుడు బదులు చెప్పువారుండరు.

కావున ఈ యుగాదిలోపల ప్రతి యింటను అవ్వను, అమ్మను, అత్తను ఒక్కొక్కరిని వసారాలో కూర్చుండబెట్టి, కెమెరా వంక చూడుమని చెప్పి, ఒక్కొక్క చిత్రము తీయుడు. ఫోనులోనే యుంచక కాగితముమీద వేయించుడు. వెనుక ఆమె పేరు, పుట్టిన యూరు, తల్లి పేరు, తీసిన సంవత్సరము తెలుగునను, పిల్లలు చదువుకొనుటకై కన్నడమునను వ్రాయుడు. గట్టిగా ఒత్తి బాల్‌పెన్నుతో వ్రాయరాదు, గీతలు ముఖముమీదికి తేలును. మెత్తని పెన్సిలు మంచిది. ఇప్పటి నున్నని కాగితముమీద పెన్సిలు పట్టనిచో, ఒక కవరుమీద వ్రాసి చిత్రమును అందుంచుడు.