గురక ఆగితేనే మెలకువ

పొద్దున స్టాండప్ కాల్‌లో నేను నోరు తెరవగానే మా లీడ్ అడిగేది ఒక్కటే, "జలుబా?" అని. ఆరు నెలలు జలుబు ఎవరికైనా ఉంటుందా? లేవగానే గొంతు బొంగురు, లోపలేదో అడ్డుపడినట్టు, రోజంతా సవరించుకోవడమే. ఏసీ అనుకున్నా, గచ్చిబౌలి దుమ్ము అనుకున్నా. గుండెల్లో మంట లేదు కాబట్టి ఎసిడిటీ అన్న ఆలోచనే రాలేదు.

ఈఎన్‌టీ డాక్టర్ ముక్కులోంచి సన్నటి కెమెరా దింపి చూశారు. స్వరపేటిక వెనకవైపు ఎర్రగా వాచి ఉంది. కడుపులోని యాసిడ్ గొంతు దాకా వస్తోందన్నారు. దీని పేరు ఎల్‌పీఆర్. చాలామందికి ఛాతీలో మంట ఉండదు, అందుకే సైలెంట్ రిఫ్లక్స్ అని కూడా అంటారు. అన్నవాహిక కొంత యాసిడ్‌ని తట్టుకుంటుంది, గొంతుకి ఆ ఓపిక లేదు. యాసిడ్‌తో పాటు పెప్సిన్ అనే ఎంజైమ్ కూడా పైకొస్తుంది. దాని పని మనం తిన్న మాంసాన్ని అరిగించడం. మన గొంతు కూడా దానికి మాంసమే మరి!

మందు రాసి పంపేస్తారనుకున్నా. "గురక పెడతారా?" అన్నారు. నిద్రపోయేవాణ్ణి, నాకేం తెలుస్తుంది? రూమ్మేట్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టా.

"గురక ఫర్వాలేదు సార్, అలవాటైపోయింది. మధ్యలో ఠక్కున ఆగిపోతాడు, అప్పుడే భయం. రెండుసార్లు కుదిపి లేపాను కూడా."

నాకెప్పుడూ చెప్పలేదు వాడు.

స్లీప్ టెస్ట్‌లో గంటకి 17 వచ్చింది. అంటే కనీసం 10 సెకన్ల చొప్పున ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో గంటకి సగటున 17 సార్లు. 5 దాటితే స్లీప్ ఆప్నియా, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. బయోడైవర్సిటీ సిగ్నల్ దగ్గర బైక్ మీద కునుకు పట్టి, వెనకవాళ్ల హారన్‌కి ఉలిక్కిపడిన రోజు అప్పుడు గుర్తొచ్చింది.

గొంతు మంటకీ ఊపిరికీ లింకేంటి? నిద్రలో గొంతు కండరాలు వదులై దారి మూసుకుపోతుంది. ఛాతీ మాత్రం గాలి కోసం గట్టిగా లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకి కడుపులో ఉన్నది పైకి తన్నుకురావచ్చు. వచ్చిన యాసిడ్ గొంతుని వాపెక్కిస్తే, అసలే ఇరుకైన దారి ఇంకా ఇరుకవుతుంది. మా భాషలో సర్క్యులర్ డిపెండెన్సీ. అయితే ఏది ముందు అన్నది డాక్టర్లు ఇంకా తేల్చలేదు. రెండింటి వెనకా అధిక బరువు ఉండొచ్చు కాబట్టి, రెండూ కలిసి కనబడినంత మాత్రాన ఒకటి ఇంకోదాన్ని పుట్టించిందనలేం. నా కేసులో అనుమానితుణ్ణి నాకు తెలుసు: యూఎస్ కాల్ అయ్యాక రాత్రి పదకొండున్నరకి బిర్యానీ, పన్నెండుకి మంచం, మూడేళ్లలో పన్నెండు కిలోలు.

కాబట్టి ఎసిడిటీ బిళ్లతో గురక పోతుందనుకుని మెడికల్ షాపుకి పరిగెత్తకండి. ఊపిరి ఆగడానికి వాడేది సీపాప్ మెషీన్. 1981లో ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సలివన్ దీని గురించి ప్రకటించారు. మాస్క్‌లోంచి గాలి ఒత్తిడితో గొంతు దారిని తెరిచి ఉంచుతుంది. కొందరిలో రిఫ్లక్స్ కూడా తగ్గుతుందట. పెట్టుకుంటే ఫైటర్ పైలట్‌లా ఉన్నానని రూమ్మేట్ ఫొటో తీశాడు. భోజనం పడుకోవడానికి మూడు గంటల ముందే, పడుకునేది ఎడమవైపు తిరిగి. బిర్యానీ ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం మాత్రమే.

ఇదంతా అమ్మకి ఫోన్లో చెప్తుంటే మధ్యలో ఆపింది. "మీ నాన్న కూడా అంతేరా. గురక పెడుతున్నంతసేపూ నాకు నిద్ర పడుతుంది. ఆగితేనే మెలకువ వస్తుంది."

ముప్పై ఏళ్లుగా వింటోంది. నాన్నకి బీపీ కూడా ఉంది. శనివారానికి టెస్ట్ బుక్ చేశా.

"గురకకి టెస్టేంట్రా, డబ్బులెక్కువయ్యాయా?" అంటున్నారాయన. వెనకనుంచి అమ్మ, "నువ్వు రారా, నేను ఒప్పిస్తా" అంటోంది.