పల్లపు నల్లమన్నును ఎండనీయరాదు

వరికోతలు ముగిసిన వెంటనే మన అడ్డతీగల ప్రాంతమున కొందరు సభ్యులు వాగుదరి పల్లములకు నడుములోతు కాలువలు త్రవ్వి నీటిని వాగులోనికి విడుచుచున్నారు. నేల త్వరగా ఆరినచో అపరాలు వేసికొనవచ్చునని వారి యుద్దేశము. రెండవ పంట డబ్బు చేతికి వచ్చుట చిన్న సంగతి కాదని మేమెఱుగుదుము. అయినను ఆ కాలువల వలన లాభముకంటె నష్టమే హెచ్చని మా యభిప్రాయము.

మన కొండనేలలు చాలవఱకు ఎఱ్ఱనివి. వానలకు పైనుండి కొట్టుకొనివచ్చిన ఆకుమన్ను చేరి, నీరు నిలిచియుండు పల్లములలో మాత్రము అది పూర్తిగా కుళ్ళక పేరుకొని నేల నల్లబడును. ఇట్టి పోగు లోతుగా నుండి, మన్ను స్వల్పమై ఆకులలములే ప్రధానమైనచో దానిని పీటు నేల యందురు. మన పల్లములు పీటు కావు. కాని ఆకుమన్ను పాలు హెచ్చినకొలది పీటు గుణము కొంత కొంతగా వచ్చుచునే యుండును.

ఆ గుణమేమనగా, తడిసినప్పుడు ఉబ్బుట, ఆరినప్పుడు ముడుచుకొనుట. పీటు తన పొడి బరువునకు ఎన్నో రెట్లు నీటిని పట్టుకొనును. కోనసీమనుండి నర్సరీలకు వచ్చు కొబ్బరి పొట్టు ఇటుకను నానబెట్టిన వారికి ఇది వింతగా తోచదు. ఒక్క ఇటుక తొట్టినిండ పొంగును.

రేగడియు వేసవిలో బీటలువారి తొలకరికి మూసికొనుచున్నది గదా, దీనికేమి భయమని కొందరడుగుదురు. ప్రశ్న సమంజసమే. రేగడిలో ముడుచుకొనునది బంకమన్ను. దాని పొరల నడుమనుండి నీరు పోవును, వాన పడగా మరల చేరును. మన్ను మాత్రము తఱుగదు. ఆకుమన్ను సంగతి వేఱు. మితిమీరి ఎండినచో అది నీటిని అంటనీయదు; తొలివాన చినుకులు దానిపై జాఱిపోవును. మరల తడిసినను మునుపటి మట్టమునకు ఉబ్బదు. అంతకంటె కీడు మఱియొకటి గలదు. నీరు తొలగిన రంధ్రములలోనికి గాలి చొచ్చును; గాలి తగిలినంతనే సూక్ష్మజీవులు ఆకుమన్నును తినివేయును, అది వాయువై పోవును. రేగడి బీట అప్పు వంటిది, వాన తీర్చును. ఇక్కడ పోవునది అసలే.

ఇంగ్లండులో విట్టిల్సీ మియర్ అను సరస్సును 1851లో ఆవిరియంత్రముతో తోడి సాగునకు దెచ్చిరి. దాని చెంత హోమ్ ఫెన్ అనుచోట పీటుగుండ అడుగు బంకమన్ను వఱకు ఇనుపస్తంభమును దింపి, దాని తలను నేలమట్టమునకు ఉంచిరి. 1860 నాటికే తల దాదాపు 5 అడుగులు బయటపడినది; నేడు సుమారు 13 అడుగుల ఎత్తున నున్నది. స్తంభము పెరుగలేదు, నేల దిగినది. మన పల్లములు అంత దిగవు, దిగుటకు అంత లోతు పోగు లేదు. ఉన్నది కొద్దియే గనుక అదియు పోయినచో ఎఱ్ఱమన్నే మిగులును.

అపరాలకై నేలను ఎండబెట్టనక్కఱలేదు. కోతకు రెండు మూడు దినములు ముందుగా వరిచేలలోనే మినుములు, పెసలు చల్లి మిగిలిన తడితో పండించుట డెల్టాలో వాడుకయే. నీరు మఱీ నిలిచిన చోట జానెడు లోతు బోదె చాలును. దాని నోటికి మట్టికట్ట వేసి, పైనీరు పోగానే మూసివేయవలయును. కొయ్యకాళ్ళను అక్కడ తగులబెట్టరాదు. ఎండిన ఆకుమన్ను తానును కాలును. ఇట్టి నేలపై గాదె గోడ కట్టుటయు తగదు. ఒకప్రక్క తడి, ఒకప్రక్క పొడి యైనచో గోడ విచ్చును.

మా మాటపై నమ్మిక లేనివారు తమ పల్లములో ఇనుపచువ్వను గట్టినేల తగులువఱకు దింపి, నేలమట్టమున రంగుగీత పెట్టి చూడవచ్చును. ఏటేట ఒకే మాసమున, నేల బాగుగా తడిసియున్నప్పుడే కొలువవలయును. వేసవిలో కొలిచినచో తాత్కాలికపు ముడుత కలిసి లెక్క తప్పును. కోరిన సభ్యులకు చువ్వలను సంఘముననే ఇప్పించవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాము.