పిల్లల రంగులు – పెద్దల వివేకం

ఫాల్గుణమాసం వచ్చిందంటే మన నల్లగొండ, మహబూబ్‌నగర్ మెట్టప్రాంతాలలో ఆకు రాల్చిన మోదుగచెట్లు నిప్పుకణికల వలె పూస్తాయి. ఆ పూలను నీళ్లలో మరగించి హోలీకి రంగు తీయడం మన పల్లెలకు తెలిసిన విద్యయే. బచ్చలిపండ్లను చిదిమి, ఆ ఊదారసంతో కాగితాలపై గీతలు గీసిన బాల్యం మా తరం వారిలో చాలమందికి గుర్తుండగలదు. నేడు కొందరు తల్లులు పిల్లలకు నీటిరంగులను తిరిగి ఇంట్లోనే తయారుచేస్తున్నారు. ఇది హర్షింపదగిన విషయం. అయితే ఈ హర్షంలో ఒక జాగ్రత్త మరుగునపడుతున్నది.

కొంతకాలం క్రితం ఒక తల్లి తన అయిదేళ్ల కుమారుని దగ్గుమందు కోసం నావద్దకు తీసుకొనివచ్చినది. పిల్లవాని వేళ్లపైన, పెదవుల అంచున ఎర్రని మరకలు చూచి ఏమిటని అడిగాను. “ఇంట్ల చేసిన రంగే గద అయ్యగారూ, ఏం గాదనుకున్న” అన్నది. పసుపు, బీట్‌రూట్ రసం వరకు బాగానే ఉన్నది. ఎరుపు చిక్కగా రావాలని పూజామందిరంలోని సిందూరాన్ని కూడ కలిపినదట! ఆ రంగును వెంటనే మాన్పించి, రక్తంలో సీసం ఎంత ఉన్నదో పరీక్ష చేయించవలసినదిగా చెప్పి పంపితిని.

సంప్రదాయ సిందూరం సీసం నుండి తయారయ్యే పదార్థం. సీసం పసివారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇంతవరకు ప్రమాదం లేదని చెప్పదగిన మోతాదు ఏదీ లేదు. అందుకే ఇంటిగోడల రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని భారత ప్రభుత్వం 2016లో నియమం చేసినది. గోడ రంగుకే ఇంత కట్టడి ఉండగా, కుంచెను నోట పెట్టుకొనే బాలుని విషయంలో మనమెంత జాగరూకులమై ఉండాలి?

“హరితాళం, ఇంగిలీకం, మణిశిల మీ వైద్యగ్రంథాలలో ఉన్నవే కదా” అని కొందరు ప్రశ్నిస్తారు. ఉన్నవి. పూర్వపు చిత్రకారులు వాటిని రంగులుగా వాడినమాట కూడ నిజమే. కాని హరితాళ మణిశిలలలో పాషాణం, ఇంగిలీకంలో పాదరసం ఉన్నవి. గురువు వద్ద శోధన సంస్కారాలను అభ్యసించిన వైద్యుడే భయభక్తులతో ముట్టవలసిన ద్రవ్యాలవి, ఆటవస్తువులు కావు. పొలానికి తెచ్చిన మైలతుత్తం నీలంగా ఉన్నదని రంగుగిన్నెలో వేయరాదు. గన్నేరు, ఉమ్మెత్త పూల జోలికి పోరాదు. తాంబూలపు సున్నం కంటిలో పడిన చూపుకే ముప్పు. “మన ఇంటిదే” అనే మాట నిరపాయానికి హామీ కాదు. నోట పెట్టదగినదే పిల్లల రంగుకు తగినదని నా నిశ్చితాభిప్రాయం.

పసుపు విషయంలోనూ ఏమరుపాటు తగదు. మెరుపు కోసం పసుపులో సీసపు క్రోమేటు కలుపుతున్నారని బంగ్లాదేశ్‌లో పరిశోధకులు 2019లో వెల్లడించినారు. కనుక మెరుగు పెట్టని కొమ్ములను కడిగి, ఎండబెట్టి, ఇంట దంచుకొనుట మేలు.

తయారీ సులభమే. రెండు చెంచాల శుభ్రమైన తుమ్మబంకను నాలుగు చెంచాల గోరువెచ్చని నీటిలో రాత్రంతా నానబెట్టి, వస్త్రంలో వడకట్టండి. అరచెంచా తేనె కలిపితే రంగు ఆరినప్పుడు పగుళ్లు తగ్గుతాయి. ఈ బంకనీటిలో పసుపును మెత్తగా నూరితే పచ్చన. చిక్కగా కాచిన బీట్‌రూట్ రసం కలిపితే గులాబి. బచ్చలిపండ్ల రసం ఊదా. పాలకూర రసం ఆకుపచ్చ. కాఫీ డికాషన్ గోధుమవన్నె. పసుపులో చిటికెడు వంటసోడా కలిపితే ఎరుపు తిరుగుతుంది; నిమ్మరసం పిండితే మళ్లీ పచ్చనవుతుంది. ఆ వింతను పిల్లలనే చేసి చూడనివ్వండి. ఆకురసాల రంగులు రెండుమూడు రోజులలో పులుస్తాయి. ఏ పూటకాపూట కొద్దిగా చేసుకొని, వాసన మారినవాటిని పారబోయండి. ఒంటికి పడనివారికి దద్దురు రావచ్చును. అట్టివారికి ఆ రంగు మానండి. ఏడాది నిండని శిశువుకు తేనె నాకనీయరాదు గనుక, ఈ రంగులను అందనీయకండి.

ఈ రంగులు ఎండకు వెలిసిపోతాయని కొందరి ఫిర్యాదు. వెలిసిపోనివ్వండి. బొమ్మ మరల వేసుకోవచ్చును. సీసం వలన చెడిన బుద్ధిని తిరిగి తెచ్చుట ఏ వైద్యునికీ సాధ్యం కాదు.